నా ఫోన్ ఎవరో వింటున్నరు

పెద్దోళ్ల ఫోన్లు చాటుంగ విన్నరని టీవీల ఒకటే మోగుతుంటే, నాకు గూడ అనుమానం పట్టుకున్నది. నేను మొయినాబాద్‌ల ప్లాట్లు చూపించే బ్రోకర్‌ను. ఒక్కపారి జన్వాడ దిక్కు ఓ లీడర్ బామ్మర్దికి ఫామ్‌హౌస్ జాగ చూపించిన. ఆయన కొనలె, చాయ గూడ తాపలె. అయినా ఇగ నా ఫోన్ వినకుంట సర్కార్‌కు నిద్ర పడ్తదా అనుకున్న!

ఫోన్‌ల టిక్కు టిక్కుమని చప్పుడొస్తుండె. "దేశం కోసం వింటే విననియ్యి, తప్పులేదు. నా ఇంటి ముచ్చట వాళ్లకెందుకు?" అని చేవెళ్ల హోటల్‌ల టేబుల్ గుద్ది మాట్లాడేటోణ్ణి. లోపల మాత్రం జర గర్వంగనే ఉండె. నా అసుంటోని మీద గూడ నిఘా ఉన్నదంటే మాటలా! మటన్ తెమ్మని నా పెండ్లాం ఫోన్ చేస్తే, "మెల్లగ, వింటున్నరు" అనేటోణ్ణి. "నీ ముచ్చట్లు నేనే వినలేక సస్తున్న, వాళ్లకేం ఖర్మ?" అని ఫోన్ పెట్టేసేది.

మా బిడ్డ సిటీల హాస్టల్‌ల ఉండి కొలువు చేస్తున్నది. ఒకనాడు ఫోన్ చేసి, "బాపూ, నీకు ఒక ముచ్చట చెప్పాలె" అన్నది. గొంతు సన్నగున్నది. "ఫోన్‌ల వద్దు బిడ్డా, ఇంటికొచ్చినంక చెప్పు" అని కట్ చేసిన. మళ్ల చేసింది. మళ్ల గట్లనే అన్న. తర్వాత చెయ్యలె. పోరికి తెలివొచ్చిందని సంబరపడ్డ, గాడిదను.

ఆదివారం బ్యాగులన్నీ సర్దుకొని ఇంటికొచ్చింది. కొలువు ఇడిసిపెట్టిందట. ఎవడో రోజుకో కొత్త నంబర్ నుంచి ఫోన్ చేసి సతాయిస్తుండట, హాస్టల్ దాక వెంటవడి వస్తుండట. ఇన్నొద్దులు ఒక్కతే భయపడుకుంట తిరిగింది.

తెల్లారి పోలీస్ ఠాణాకు తోలుకపోయిన. ఎస్సై మంచిగనే మాట్లాడిండు. "వాణ్ణి పట్టాలంటే అమ్మాయి ఫోన్ మొత్తం చూడాలె. ఎవరితోని మాట్లాడింది, యాడ తిరిగింది, అన్నీ. మీకేమన్న అభ్యంతరమా?" అని నన్నడిగిండు. నేను బిడ్డ దిక్కు చూసిన. బిడ్డ నా దిక్కు చూడనే లేదు. ఫోన్ తీసి ఆయన ముందట పెట్టింది.

"చూస్కోండ్రి సార్. మీరన్న జర నా మాట వినుండ్రి."