లోపల పెట్టిన పేస్టు

సాలూరులో లారీ ముందద్దం కారితే జోగయ్య షెడ్డుకే తెచ్చేవారు. ముప్పై ఏళ్లుగా అతనిది ఒకటే పద్ధతి. తను కేబిన్‌లో కూర్చుని, బయట ఎవరిచేతైనా మగ్గుతో నీళ్లు పోయించేవాడు. కింది అంచున మొదలుపెట్టి, జానెడు జానెడు చొప్పున పైకి. పైనుంచి గుమ్మరిస్తే నీళ్లు ఎక్కడ కారుతున్నాయో తెలుస్తుంది గాని ఎక్కడ దూరుతున్నాయో తెలియదు. ఆ చోటు దొరికాక అద్దం దించి, చుట్టూ ఉన్న రబ్బరు మార్చేవాడు. లోపలి నుంచి సందు పూడ్చే పేస్టు మాత్రం పెట్టేవాడు కాడు. లోపల మూసేస్తే నీళ్లు రబ్బరు కిందే నిలిచి, అది పట్టుకున్న రేకును తినేస్తాయి.

నిరుడు శ్రావణంలో లక్ష్ముడు లారీ తెచ్చి ఆపాడు. జోగయ్య చెల్లెలు తవిటమ్మ మొగుడతను.

“కాలు మీద ఒకటే ధార బావా. బ్రేకు తొక్కితే జారిపోతన్నాది.”

నీళ్లు పోయించి చూస్తే పై మూలన దూరుతున్నాయి. అవి దిగి నిలిచే చోట, కింది రబ్బరు ఎత్తి జోగయ్య వేలు పెట్టాడు. గోరు నిండా ఎర్రటి తుప్పు.

“రేకు పుచ్చిపోనాది. ఎల్డింగు సేసి ఎక్కించాల. రెండ్రోజులు.”

“రెండ్రోజులా! మజ్జాన్నానికి గాటెక్కకపోతే ఓనరు ఇంకోడికి తాళాలిచ్చేస్తాడు. ఆ పేస్టేదో లోపల పులిమీ.”

“పట్టు లేని అద్దం బావా. ఏదైనా తగిలితే నీ మీదకే వస్తాది.”

“ఇంటల్లుడు నోరు తెరిచి అడిగితే ఇదేటి నీ మరేద? ఉండు, మీ సెల్లికి సెప్తాను!” నవ్వుతూనే అన్నాడు లక్ష్ముడు.

తండ్రి లేడు గనుక చెల్లెలి పెళ్లి పందిట్లో లక్ష్ముడి కాళ్లు కడిగింది జోగయ్యే. అల్లుడి కాళ్లు కడిగినవాడు అతను అడిగినదానికి లేదనకూడదని ఆ ఇంట్లో ఒక లెక్క. జోగయ్య పేస్టు ట్యూబు మూత తీశాడు. అరగంటలో అయిపోయింది.

“సూసినావా, సుక్క లేదు,” అన్నాడు లక్ష్ముడు.

పన్నెండో రోజున గాటు మలుపులో రోడ్డు మీదికి వాలిన కొమ్మ తగిలింది. రేకు గట్టిగా ఉంటే అద్దం పగిలి అక్కడే నిలిచేది. రబ్బరుతో సహా ఊడి లక్ష్ముడి మొహం మీద పడింది. కుడికన్ను పోయింది. స్టీరింగూ పోయింది.

ఆ కొమ్మే తన కొంప ముంచిందని తవిటమ్మ ఆసుపత్రి వరండాలో ఏడ్చింది. జోగయ్య కాదనలేదు. లోపల మంచం మీదున్న లక్ష్ముడూ పేస్టు సంగతి ఎత్తలేదు.

ఇప్పుడు షెడ్డులో మగ్గు పట్టుకునేది లక్ష్ముడే. ఒంటికన్నుకు దూరం అంచనా కుదరక మగ్గు టంగుమని అద్దానికి తగులుతుంది. “ఇంకా కిందికి బావా,” అంటాడు జోగయ్య కేబిన్‌లోంచి.

మొన్న ఒక డ్రైవరు తొందరపడ్డాడు. “అద్దం దించడమెందుకు మావా? లోపల పేస్టెట్టీ, ఎలిపోతాను.”

జోగయ్య నోరు విప్పేలోగా లక్ష్ముడు మగ్గు కింద పెట్టాడు.

“మా బావ లోపల పేస్టెట్టడు,” అన్నాడు. “ఎవులడిగినా ఎట్టడు.”

జోగయ్య లక్ష్ముడి వైపు చూడలేదు. కత్తి తీసుకుని రబ్బరు కొయ్యడం మొదలుపెట్టాడు.