కాయలు కాసిన వేళ్లు

మా వీధి టైలరుకి కాలు ఒక్కచోట నిలవదు. మిషను తొక్కనప్పుడు కూడా ఆడుతూనే ఉంటుంది. యాభై దగ్గరపడ్డాక గిటార్ కొన్నాడేమో, ఆ కుదురులేనితనం ఎడమచేతికీ పాకింది. కొలతలు తీస్తూ టేపు మీద వేళ్లు నొక్కుతాడు, మాటల్లో పడితే భార్య మోచేతి మీద నొక్కుతాడు. "నేను మనిషినండీ, మీ గిటార్ని కాదు" అని ఆవిడ విదిలించుకుంటుంది. తీగలు కోసుకుని వేళ్లు మంటలు. కాయలు కాస్తే నొప్పి పోతుందని గిటార్ నేర్పే కుర్రాడు చెప్పినప్పట్నుంచీ ఆయనది ఒకటే పాట: "ఈ నొప్పే లేకపోతేనా, ఈపాటికి ఇరగదీసేవాణ్ణి!"

మొన్న ఒక పెళ్లికొడుకు తెల్లచొక్కాకి గుండీలు కుడుతుంటే భార్య కెవ్వుమంది. కాలరు మీద రక్తపు చుక్క. సూది ఎప్పుడు దిగిందో ఆయనకే తెలీదు. వేలు చూసుకున్నాడు. మొహం వెలిగిపోయింది. "ఏమే, నొప్పి తెలీలేదే!" అంటూ చొక్కా ఆవిడ చేతిలో పడేసి గిటార్ అందుకున్నాడు. తీగలు గట్టిగా నొక్కి మీటాడు. గరగరమంది. వేళ్లు సర్దుకుని మళ్లీ మీటాడు. మళ్లీ గరగరే.

కాలరు మరక సబ్బుతో రుద్దుతున్న ఆవిడ జాలిగా అడిగింది, "ఇంకా నొప్పిగా ఉందా?"

"లేదు" అన్నాడు. ఆడుతున్న కాలు ఆగిపోయింది.