కొత్త పడవలో ఎవరూ లేరన్నారు

సముద్రానికి హద్దు గీసి, మట్టి మనిషికి ఊపిరి పోసిన దేవునికి ముందుగా స్తోత్రం. ఆయన కాపుదల లేకపోతే ఇది రాయడానికి నేను మిగిలేవాణ్ణి కాదు.

2022 జూన్. వేట నిషేధం ముగియబోతోంది. బందరులో ఫైబర్ పడవలు చేసే షెడ్ల దగ్గర నాకు చేతినిండా పని. నాదొక పాత డీజిల్ జీపు. చూడ్డానికి తుప్పుముద్ద, స్టీరింగ్ తిప్పితే భుజాలు పడిపోతాయి. అయినా ఇసుకలోనూ బురదలోనూ బరువు లాగడంలో దానికి సాటి లేదు. వెనక ట్రైలర్ తగిలించి కొత్త పడవల్ని దివిసీమ రేవులకు చేర్చడం నా వృత్తి. ఆదివారం సంఘంలో వాక్యం చెబుతాను, మిగతా రోజులు పడవలు లాగుతాను.

ఆ రోజు పడవ నాగాయలంక మత్స్యకారుడు ఏడుకొండలుది. ట్రైలర్ పనిలో ఒక నియమం ఉంది. బరువు కాస్త ఎక్కువగా ఇరుసుకు ముందు, జీపు వైపు ఉండాలి. జీపు కొక్కెం మీద పడే ఆ భారాన్ని నోస్ వెయిట్ అంటాం. అది తగ్గితే ట్రైలర్ పాము తోకలా కొట్టుకుని ముందున్న బండినీ ఈడ్చేస్తుంది. అందుకే ఇంజినూ వలలూ పడవలో ముందుకు జరిపించి కట్టించాను.

చల్లపల్లిలో టీకి ఆగాం. వెనక ఆటోలో వస్తున్న ఏడుకొండలు బంధువులూ ఆగారు. బయల్దేరే ముందు చైన్లు లాగి చూసి, "పడవలో ఎవరూ ఎక్కలేదు కదా?" అనడిగాను.

"అబ్బే, ఎవరూ లేరండి. పదండి, వర్జ్యం వచ్చేస్తది," అంటూ ఏడుకొండలు నా పక్కన కూర్చున్నాడు.

కాలవ పక్క రోడ్డు ఖాళీగా ఉందని కాస్త వేగం పెంచాను. అద్దంలో పడవ కుడికి జరిగింది, మళ్లీ ఎడమకి. మరో ఊపుకి జీపు వెనక చక్రాలు పట్టు తప్పాయి. అప్పుడు బ్రేకు తొక్కితే అంతా బోల్తానే. యాక్సిలరేటర్ వదిలి స్టీరింగ్ బిగించి పట్టుకున్నాను. నోట "యేసయ్యా" తప్ప ఇంకేం రాలేదు. ఠంగుమని కొక్కెం ఊడింది. కింద అడ్డంగా కట్టిన సేఫ్టీ చైన్లు మాత్రం పట్టుకున్నాయి. ఒక చక్రం కాలవ మీదికి వేలాడుతూ ట్రైలర్ ఆగింది.

నేను దిగేలోపే ఏడుకొండలు దూకి, "అమ్మా! అమ్మా!" అంటూ పడవ వైపు పరుగెత్తాడు.

పడవ వెనక కొసన కప్పిన టార్పాలిన్ కదిలింది. నెరిసిన తల ఒకటి పైకి లేచింది.

"ఏంట్రా ఆ అరుపులు? రేవొచ్చిందా?"

రెండు బియ్యం బస్తాల మధ్య అతని తల్లి పోలమ్మ! ఆ బరువంతా ఇరుసుకు వెనకే. "కదలకండి మామ్మగారూ!" అని అరిచాను. రోడ్డు వైపు నుంచి ఇద్దరం చేతులందించి మెల్లగా దించాం.

"ఎవరూ లేరన్నావు కదయ్యా!"

"చెబితే మీరు లాగనంటారని..." అతను ఏడ్చేశాడు.

"వాణ్ణనకు నాయనా, చల్లపల్లిలో నువ్వు టీ తాగుతుంటే ఆటో దిగి బస్తాలేయించుకుని ఎక్కాను, నేనే చెప్పొద్దన్నాను. కొత్త పడవ మా సీమలోకి ఒంటరిగా రాకూడదు. ఇంటి పెద్ద తిండిగింజలతో అందులో ఉండాలి. ఊపుకి సముద్రం మీదున్నట్టే ఉంది, కునుకు పట్టేసింది."

"కాలవలో పడుంటే?"

"నాకు ఈతొచ్చులే. నీకొచ్చా?"

"పడవ మీద పడ్డాక ఈతేం చేస్తుందమ్మా?"

ఆమె అప్పుడు చూసింది, గాలిలో వేలాడుతున్న చక్రాన్నీ సాగిపోయిన చైనునీ. అక్కడే రోడ్డు మీద చతికిలబడింది. "అయినా దాన్ని ఒంటరిగా పంపను," అంది. "పడవ ముక్కుకి కట్టిన తాడు నా చేతికియ్యి. నీ జీపులో కూర్చుంటాను. తాడు పట్టుకుంటే దానితో ఉన్నట్టే."

బస్తాలు ఆటోలోకి మార్చి, లో గేరులో ట్రైలర్ని రోడ్డెక్కించి, కొక్కెం తగిలించాను. నాగాయలంక దాకా ఆమె ఆ తాడు వదల్లేదు.

బరువులూ ఇరుసులూ తెలిస్తే చాలనుకునేవాణ్ణి. ఇప్పుడు కొత్త పడవ ఎత్తితే, "దీనితో ఎవరుండాలండీ?" అని ముందే అడుగుతాను. వాళ్లను నా పక్కన కూర్చోబెట్టి తాడు చేతికిస్తాను. అప్పటికీ బయల్దేరే ముందు నేనే ఎక్కి పడవ లోపల చూస్తాను.

ఇది చదువుతున్నవారు ఒక్క నిమిషం కళ్లు మూసుకోండి. బరువులు లాగే డ్రైవర్ల కోసం, వాళ్లకు తెలియకుండా వాళ్ల వెనక కునుకు తీస్తున్న ప్రాణాల కోసం నాతో కలిసి ప్రార్థించండి.