మూడో తొక్కుకి ఆగే కారు

ఆ రోజుల్లో మా కోనసీమలో బండి నడిపే పద్ధతి అందరిదీ ఒకటే, ఆపే పద్ధతి మాత్రం ఎవరిది వారిదే. తెలిసిన మనిషి ఎదురుపడితే అదే స్టాపు. నడిరోడ్డు మీద కారాపి, "ఆయ్ బావగారూ, పెద్దమ్మాయి నీళ్ళోసుకుందట కదండీ?" అని అడిగితే, వెనకాల బస్సు డ్రైవరు హారన్ కొట్టేవాడు కాదు. కిటికీలోంచి తల బయటపెట్టి, ఆ జవాబు కోసం తనూ ఎదురుచూసేవాడు. (హారన్ కొట్టేవి పొరుగు జిల్లా లారీలే. వాటికి ఎవరి పిల్లల సంగతీ అక్కర్లేదు.)

అలాంటి చోట నాకు డ్రైవింగు నేర్పింది మా మావయ్య. అమలాపురంలో ఆయనకి ఓ పాత టాక్సీ కారుండేది. డిగ్రీ అయ్యి ఉద్యోగం దొరక్క తిరుగుతున్న నన్ను పిలిచి స్టీరింగు చేతికిచ్చాడు. ఆయన సిద్ధాంతం ఒకటే. "బ్రేకు మీద పడిపోయేవాడు డ్రైవరు కాదురా అబ్బాయ్. ఎక్కడ ఆగాలో అరమైలు ముందే అనుకోవాలి. బండిక్కూడా ఆలోచించుకోడానికి టైమివ్వాలి." ఆ కారుకి ఆలోచన కాస్త ఎక్కువే పట్టేది. మొదటిసారి తొక్కితే బ్రేకు పెడలు నేలకి అంటుకునేది, రెండోసారికి కొద్దిగా బిగిసేది, మూడోసారికి కారు ఒప్పుకునేది. అన్ని కార్లూ ఇంతే కాబోలనుకున్నాను. (ఇంకో కారు ముట్టుకుంటే కదా తెలియడానికి!)

ఓ వేసవిలో మావయ్యకి కంటి ఆపరేషనైంది. రెండు నెలలు స్టీరింగు పట్టుకోవద్దన్నాడు డాక్టరు. సరిగ్గా పెళ్ళిళ్ళ రోజులు. నాకు లైసెన్సొస్తే కారు తిరుగుతుంది, రాకపోతే వాకిట్లో నిలబడిపోతుంది. ఆ ఇంటికి వేరే ఆధారం లేదు. అత్తయ్య నాకిచ్చే కాఫీలో పంచదార ఓ చెంచా ఎక్కువ పడడం మొదలైంది.

టెస్టుకి మావయ్య తన కారు వద్దని, డ్రైవింగు స్కూలు వాళ్ళ కొత్త కారు మాట్లాడాడు. ఎందుకని అడిగితే, "కొత్త కారైతే మర్యాదగా ఉంటాదిరా" అన్నాడు. తను మాత్రం నల్లకళ్ళజోడు పెట్టుకుని, నేను నడుపుతుంటే మా కార్లోనే వచ్చి, టెస్టు గ్రౌండు గేటు బయట అందులోనే కూర్చున్నాడు.

బ్రేక్ ఇన్‌స్పెక్టరుగారు (లైసెన్సులిచ్చే అధికారిని మావైపు అందరూ అలాగే అంటారు) సన్నగా, నిదానంగా ఉండే మనిషి. కొత్త కార్లో నా పక్కన కూర్చుని, గ్రౌండు చుట్టూ రెండుసార్లు తిప్పించి, "ఊఁ, ఆపండి" అన్నారు. నేను ధణ్‌ధణ్‌ధణ్ మని మూడుసార్లు తొక్కాను. మొదటి ధణ్‌కే కారు నిలువునా ఆగింది. ఆయన కళ్ళజోడు ఎగిరి డాష్‌బోర్డు మీద పడింది. దాన్ని తుడిచి పెట్టుకుని ఆయన మెల్లగా అడిగారు.

"మొదటిదానికే ఆగిపోయింది కదా. మిగతా రెండూ ఎవరికండీ?"

"అలవాటండి" అన్నాను.

"ఎక్కడి అలవాటు?"

"మా మావయ్య కారండి. గేటు బయటే ఉందండి." (అడక్కుండానే ఈ రెండో మాట ఎందుకు చెప్పానో ఇప్పటికీ తెలీదు.)

ఆయన నేరుగా వచ్చి, నన్ను నడపమని మా కారు ముందు సీట్లో కూర్చున్నారు. వెనకసీట్లోకి మారిన మావయ్య, "ఆయ్, రండి రండి" అన్నాడు. పేరూరు రోడ్డెక్కి కొంతదూరం వెళ్ళాక ఇన్‌స్పెక్టరుగారు, "ఆపండి" అన్నారు.

"ఇప్పుడాండీ?" అన్నాడు మావయ్య వెనకనించి. "కాస్త ముందు చెప్పాలి కదండీ!"

సరిగ్గా అప్పుడే ఓ ముసలమ్మ సంచీ పట్టుకుని రోడ్డుకి అడ్డంగా వచ్చింది. మొదటి తొక్కు నేలకి పోయింది. రెండోదీ పోయింది. ఆవిడ చీర అంచు మీద మట్టి మరక కూడా కనిపించేంత దగ్గరకొచ్చేశాం. స్టీరింగు ఎడమకి తిప్పేశాను. కారు రోడ్డు దిగి, కొబ్బరికాయలు ఒలిచి పోసిన డొక్కల గుట్టలోకి మెత్తగా దూరి ఆగింది. మూడో తొక్కు అవసరం పడలేదు.

ముందుగా తేరుకున్నది ముసలమ్మే. వెనక తలుపు తీసి, సంచీ మావయ్య ఒళ్ళో పెట్టి, "కాస్త జరుగు బాబూ. నాకోసం రోడ్డు దిగి మరీ ఆపేరు, సల్లగా ఉండండి. పేరూరు దాకా దింపేయండి" అంది.

ఇన్‌స్పెక్టరుగారు కిందికి దిగి, డొక్కల పీచు దులుపుకుని, మావయ్యతో అన్నారు. "బ్రేకులు బాగుచేయించేదాకా ఈ కారు కదలకూడదండి. మీ మేనల్లుణ్ణి తర్వాత చూద్దాం."

"ఆయ్" అన్నాడు మావయ్య. ఆ 'ఆయ్' అంత చిన్నగా అనడం నేనెప్పుడూ వినలేదు.

కారుని తాడుకట్టి షెడ్డుకి లాక్కెళ్ళారు. మెకానిక్ లోపలి సామాను బయటికి తీసి, "ఇన్నాళ్ళూ ఇదెలా ఆగిందండీ బాబూ?" అని అడిగాడు. కారు తిరిగొచ్చేసరికి సగం పెళ్ళిళ్ళు అయిపోయాయి. మళ్ళీ టెస్టుకెళ్ళి ఒక్కసారే తొక్కాను. ఇన్‌స్పెక్టరుగారు ముందుజాగ్రత్తగా కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకున్నారు. లైసెన్సొచ్చింది. మిగిలిన సగం పెళ్ళిళ్ళు మావే.

మొదటి కిరాయి పెళ్ళివారిని ఐనవిల్లి గుడి దగ్గర దింపి వస్తుంటే, గేదెల మంద రోడ్డు దాటుతోంది. ఒక్క తొక్కుకి కారు ఆగింది. పక్కన మావయ్య చాలాసేపు పెడలు వంకే చూశాడు.

"మీ అత్తయ్యనీ, పిల్లల్నీ, నిన్నూ ఎక్కించుకుని ఎన్నేళ్ళు తిరిగేనురా ఇందులో" అన్నాడు.

"ఊరుకో మావయ్యా, ఏమీ కాలేదుగా. మన చెయ్యి అలాంటిది" అన్నాను.

నాకప్పుడు ఇరవైమూడేళ్ళు. ఆయన్ని ఓదార్చడానికి అన్న మాట కాదది, మనస్ఫూర్తిగా నమ్మే అన్నాను. ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, దాని వెనకే కాస్త భయమూ వేస్తుంది. మావయ్య నావైపు తిరిగి నా మొహంలోకి చూశాడు. నల్లకళ్ళజోడు సర్దుకుని, "గేదెలెళ్ళిపోయేయిరా, పోనీ" అన్నాడు.