మీగడ కట్టేదాకా ఆగే మనిషి

గత గురువారం ఉదయం దబీర్‌పురాలోని తమ ఇంట్లో యాదగిరి సార్ గుండె ఆగి కన్నుమూశారు. ఫోనులో ఆ కబురు విన్న నాకు నోట మాట రాలేదు. సార్ విషయంలో నాకు నోట మాట రాకపోవడం అదే మొదటిసారి కాదు. అందుకే మన ఉద్యోగుల పత్రికకు ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

వారిది తరతరాలుగా పాతబస్తీలో పాడిని నమ్ముకున్న కుటుంబం. రసాయన శాస్త్రంలో డాక్టరేట్ వచ్చాక కూడా పొద్దున్నే బర్రెల పాలు పితికి, స్కూటరు మీద నయాపూల్ దాటి మన బ్యాటరీల ప్రయోగశాలకు వచ్చేవారు. మా చాయ్‌కి పాలు తెచ్చేదీ ఆయనే. "డాక్టర్ సాబ్, ఇయ్యాల నీళ్లెన్ని కలిపినవ్?" అని స్టోర్ కీపర్ ఆటపట్టిస్తే, "నీళ్లు కలిస్తే నా బ్యాటరీ సస్తది భాయ్, నీ చాయ్‌కేం గాదు" అనేవారు.

సార్ పరిశోధన మొదలుపెట్టింది సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే అందరి చేతుల్లోకి వస్తున్న కాలంలో. వాటి లిథియం బ్యాటరీలో గ్రాఫైట్ బదులు సిలికాన్ వాడితే ఎంతో ఎక్కువ విద్యుత్తు నిలవ చేయవచ్చు. కానీ ఛార్జి ఎక్కినప్పుడు సిలికాన్ ఉబ్బుతుంది, దిగినప్పుడు కుంచించుకుపోతుంది. మొదటి ఛార్జిలో దాని పైన కట్టిన రక్షణ పొర పగులుతుంది. మళ్లీ పొర కట్టడానికి మళ్లీ లిథియం ఖర్చవుతుంది. బ్యాటరీ అలా క్షీణించి చచ్చిపోతుంది. ఆ పొరను నిలబెట్టడమే ఆయన తపస్సు. కొత్తగా చేరిన నాకు ఒక్క మాటలో చెప్పారు: "మీగడ లెక్క అనుకో బిడ్డా. సన్నని సెగ మీదనే మంచిగ కడ్తది." అందుకే ఆయన బ్యాటరీ సెల్‌లకు తక్కువ కరెంటుతో ఎక్కించే మొదటి ఛార్జి రెండు రోజులు పట్టేది. ఆ రెండు రోజులూ వాటిని ఎవరినీ ముట్టనిచ్చేవారు కాదు.

తమ్ముడి కూతురి పెళ్లికి ఆయన సెలవు పెట్టినప్పుడు మా విభాగాధిపతి వచ్చారు. "సోమవారం నిధులిచ్చే కమిటీ వస్తోందమ్మా. ఈ నత్తనడకేమిటి? కరెంటు పెంచు." సార్ ఒప్పుకోరని చెప్పాలనుకున్నాను. చెప్పలేక, పెంచాను. ప్రయోగశాల పుస్తకంలో ఆ సంగతి రాయలేదు. ఇంటికెళ్లి డైరీలో రాసుకున్నాను.

కమిటీ పరీక్షకు తీసుకెళ్లిన ఆ సెల్‌లు నెల తిరగకుండానే చచ్చాయి. తిరిగొచ్చినవాటిలో ఒకదాన్ని విప్పి చూసి, సార్ నా వైపు తిరిగారు. "ఇది నా చేతి పని గాదు. ఎవరు తొందరవెట్టిన్రు బిడ్డా?" నా కళ్లు విభాగాధిపతి గది తలుపు వైపు వెళ్లాయి. ఆయనకు అర్థమైంది.

సమావేశంలో విభాగాధిపతి "యాదగిరి గారి పద్ధతిలోనే లోపముంది" అన్నారు. సార్ నా పేరు ఎత్తలేదు. బయటికొచ్చాక, ఎందుకు చెప్పలేదని అడిగాను. "చెప్తే నిన్ను ఎళ్లగొడ్తరు. గాయన గాడనే కూసుంటడు. ఏం ఫాయిదా?" అన్నారు. పరిశోధన మూసేశారు. ఆ తర్వాత బతికిన నాలుగేళ్లూ ఆయన చేత ఇన్వర్టర్ బ్యాటరీలకు సర్టిఫికెట్లు రాయించారు.

మొన్నటి సంతాప సభలో అదే విభాగాధిపతి పటానికి పూలమాల వేసి, "మంచి మనిషి, కాస్త నిదానం" అన్నారు. కొందరు నవ్వారు.

కనుక చెబుతున్నాను. కరెంటు పెంచింది నేను. పెంచమన్నది విభాగాధిపతి గారు. సార్ పద్ధతిలో లోపం లేదు. కంటికి కనబడని ఒక పొర కోసం రెండు రోజులు కాచుకునే ఓర్పు ఇక మన ప్రయోగశాలలో ఎవరికీ లేదు. ఆ ఓర్పుకు చేతులు జోడిస్తున్నాను. నాలుగేళ్ల కిందటే రాసి ఉంటే ఇది సాక్ష్యమయ్యేది. ఇప్పుడు సంస్మరణ మాత్రమే.