హైదరాబాదా, పటమటా: నాలుగు గంటల దూరంలో తేలని మాట

మా చెరకు మెషిన్ల వర్క్‌షాపును హైదరాబాద్‌కి మార్చేద్దామని శైలజని ఒప్పించడానికి మొన్న విజయవాడ వెళ్లాను. శైలజ కాలేజీలో నా స్నేహితురాలు, ఇప్పుడు వ్యాపారంలో భాగస్వామి. తను విజయవాడలోని పటమటలో మెషిన్లు చేయిస్తుంది, నేను హైదరాబాద్‌లో డిజైన్లు గీస్తాను. సికింద్రాబాద్‌లో తెల్లవారుజామున ఐదింటికి వందే భారత్ ఎక్కితే తొమ్మిదింటికల్లా బెజవాడలో దిగొచ్చు. చైర్‌కార్ టికెట్ సుమారు వెయ్యి రూపాయలు. ఇంత వేగంగా ఊళ్లు కలిశాక కొత్త ఆలోచనలన్నీ పెద్ద ఊరికే చేరతాయని నా నమ్మకం. ఆ మాట తనతో ఎలా ఎత్తాలా అని దారంతా ఆలోచించాను.

శైలజ నన్ను నోరు తెరవనివ్వలేదు. "ముందు ఉయ్యూరు పోదాం పద్మా, నాగమణి గారి పొలంలో మన మెషిన్ మొరాయించింది" అంటూ బస్టాండుకి ఆటో మాట్లాడేసింది. మచిలీపట్నం బస్సెక్కితే గంటలో ఉయ్యూరు.

నారు పెంచడానికి చెరకు గడ కణుపు దగ్గర మొలకొచ్చే కన్నుని కోసిచ్చే మెషిన్ మాది. నాగమణి గారు నలిగిన కళ్లని దోసిట్లో చూపించారు. "సగం మొలకెత్తవమ్మా. నాట్లకి టైమైపోతోంది. ఇవాళ బాగవ్వకపోతే మీ మెషిన్ మీరే పట్టుకుపోండి."

ఆవిడే మా మొదటి కస్టమర్. గడని చేత్తో పట్టుకుని చూశాక అర్థమైంది, ఇంత లావు గడకి మా బ్లేడు వంపు చాలడం లేదు. శైలజ అంతకుముందు పంపిన ఫొటోల్లో అది తెలియలేదు. గట్టు మీదే కూర్చుని కొత్త వంపు గీశాను. శైలజ దాన్ని ఫోన్లో పటమట వర్క్‌షాపుకి పంపింది. మధ్యాహ్నం దాటేసరికి కొత్త బ్లేడు బస్సులో వచ్చింది. బిగించి తిప్పితే కన్ను నలగకుండా ఊడిపడింది. నాగమణి గారు మెచ్చుకోలేదు గానీ, "గోంగూర పప్పు చేశాను, తిని వెళ్లండి" అన్నారు.

సాయంత్రం ప్లాట్‌ఫారం మీద చెప్పేశాను. "శైలూ, గడ చేత్తో పట్టుకుంటేగానీ తప్పెక్కడో తెలియలేదు. నేనే ఇక్కడికి వచ్చేస్తానే."

తను తెల్లబోయింది. "అదేంటే! నేను నీ దగ్గరికి వచ్చేద్దామనుకుంటుంటే! నువ్వు పక్కనుంటే పూటలో తేలిపోయింది. ఇన్నాళ్లూ ఒక్కదాన్నే తంటాలు పడ్డా."

"మరి నాగమణి గారో?"

"నాలుగు గంటలేగా, వచ్చి చూసుకుంటాం."

"నేనూ అదే అంటున్నా, నాలుగు గంటలేగా!"

అంతలో రైలొచ్చేసింది.

వేగంగా వెళ్లే రైలు కొత్త పనుల్ని పెద్ద ఊరికి లాక్కుపోతుందో, చిన్న ఊళ్లో నిలబెడుతుందో నాకు నిజంగా తెలియడం లేదు. ప్రస్తుతం ఇద్దరం అద్దె ఇళ్లు వెతుకుతున్నాం, నేను పటమటలో, తను హైదరాబాద్ ఉప్పల్‌లో. మీకు ఒక్కటే సలహా: విజయవాడలో ఈ రైలు కొద్ది నిమిషాలే ఆగుతుంది. తేల్చుకోవాల్సిన మాటలుంటే స్టేషన్‌కి రాకముందే తేల్చుకోండి.