మరునాటి దసరా

మొన్న అటక సర్దుతుంటే పాత ట్రంకుపెట్టె అడుగున మా నాయిన బెల్టు దొరికింది. మూత తీయగానే ముందుగా వాసన తగిలింది: తోలు, ఎండిపోయిన చెమట, వాటి కింద ఎక్కడో సన్నగా చింతపండు పులుపు. నాయిన పోలీసు కానిస్టేబుల్. శుక్రవారం పొద్దున పరేడ్ ఉంటుంది కాబట్టి గురువారం సాయంత్రం ఆ బెల్టుకున్న ఇత్తడి బకిల్‌ని చింతపండు పిప్పితో, పొయ్యి బూడిదతో తోమి, అందులో నా ముఖం కనిపించేదాకా గుడ్డతో రుద్దడం చిన్నప్పుడు నా పని. బెల్టు కొన్నప్పుడు దానికున్న బెజ్జాలు ఐదు. తర్వాత పొట్ట పెరిగినప్పుడల్లా నాయిన మేకు కాల్చి పొడిచినవి మూడు. ఆ మూడో బెజ్జం మీద వేలు పెట్టి అటక కిందే కూలబడిపోయాను, పొయ్యి మీద పప్పు మాడుతోందని మా అమ్మాయి వచ్చి చెప్పేదాకా.

మేం మేడ్చల్‌లో, రైలు పట్టాలకు కాస్త ఇవతల, రెండు గదుల పోలీసు క్వార్టర్‌లో ఉండేవాళ్లం. వెనక గోడ దాటితే ద్రాక్షతోటలే. శివరాత్రి వెళ్లి ఎండలు ముదిరే రోజుల్లో తీగల మీద కొట్టిన మందు వాసన, పండి రాలిన పళ్ల తీపి పులుపు, వాటి మీద ముసిరే తేనెటీగల రొద ఇంట్లోకే వచ్చేవి. నాయిన డ్యూటీ దిగి వస్తూ ఎప్పుడైనా తన టోపీని గిన్నెలా పట్టుకుని అందులో రెండు గుత్తులు తెచ్చేవాడు. నేను, పక్క క్వార్టర్ల పిల్లలు మెట్ల మీద కూచుని, గింజలు ఎవరు ఎంత దూరం ఉమ్ముతారో పందెం వేసుకునేవాళ్లం.

పళ్లు తెచ్చిన మనిషి మాత్రం ఒక్కటి కూడా కుదురుగా కూచుని తినేవాడు కాదు. అసలు నాయిన కూచోగా నేను చూసింది తక్కువ. అన్నం గిన్నె చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడి తినేవాడు, ఒక కన్ను ముద్ద మీద, ఒక చెవి రోడ్డు మీద. జీపు చప్పుడు వినిపిస్తే నమలడం ఆపేసేవాడు. జీపు ముందుకెళ్లిపోతే మళ్లీ నమిలేవాడు. పడుకున్నా ఆయన కుడికాలు ఊగుతూనే ఉండేది, మంచం కిర్రుకిర్రుమంటూనే ఉండేది. రోజుకు ఎన్ని చాయ్‌లు తాగేవాడో ఆయనకే లెక్క తెలియదు. మిర్చి బజ్జీలే ఒక్కోసారి పూటభోజనం. వారానికి ఒక సెలవు అని కాగితం మీద ఉండేదట, నేనైతే దాని ముఖం చూడలేదు. అమ్మ, నేను కూడా అలాగే తయారయ్యాం. పక్కింటి ఫోన్ మోగితే చేతిలో పని వదిలి గుమ్మంలోకి వచ్చేవాళ్లం. ఈ వయసులో కూడా ఎవరైనా తలుపు గట్టిగా కొడితే నా చేతిలో ఉన్నది జారి కింద పడుతుంది. మా ఆయన నవ్వుతాడు. నాకు నవ్వు రాదు.

ఇక పండగలు. ఊళ్లో అందరికీ పండగ వచ్చిన రోజు మాకు బందోబస్తు వచ్చేది. వినాయకుడు, బోనాలు, రంజాన్, క్రిస్మస్, ఏ దేవుడైనా సరే, నాయిన రోడ్డు మీదే. అందుకని క్వార్టర్లలో ఒక ఆచారం పుట్టింది: పండగ మరునాడు చేసుకోవడం. ఊరంతా గారెలు తిని ఆయాసపడుతూ పడుకున్న రోజున మా లైన్లో పొయ్యిలు వెలిగేవి. బగారా అన్నంలో పడ్డ పుదీనా వాసన, అల్లంవెల్లుల్లి దట్టంగా పట్టించిన మాంసం ఉడికే వాసన, నూనెలో గారెల సుయ్యి, అన్నీ ఒక రోజు ఆలస్యంగా. సద్దుల బతుకమ్మకు అమ్మ చేసిన సత్తుపిండిలో, మలీద ముద్దల్లో నాయిన వాటా డబ్బాలో పోసి దాచేది. తిండికి ఆలస్యమైనా పర్వాలేదు గాని జమ్మికి అలా కాదు. దసరా సాయంత్రం ‘బంగారం’ అని చేతిలో పెట్టే జమ్మి ఆకు మరునాటికి ముడుచుకుపోతుంది. బడిలో అందరూ ‘మా నాయిన నాకు బంగారం పెట్టాడు’ అంటే ‘మా నాయిన పెట్టాడు’ అని చెప్పుకుంటుంటే, నేను వాడిన ఆకు పుస్తకంలో దాచుకుని ఊరుకునేదాన్ని.

ఆరో తరగతిలో ఉన్న ఏడాది మొండికేశాను. ఈసారి దసరానాడే దసరా కావాలని రెండు రోజులు అన్నం మానేశాను, అంటే అమ్మ చూస్తుండగా మానేశాను. నాయిన గోడకానుకుని నిలబడి ఆలోచించాడు. సెలవు దొరకదు. ఒంట్లో బాగాలేదని స్టేషన్‌లో రాయించే సిక్ రిపోర్టు ఒక్కటే దారి. జ్వరమని చెబితే పైవాళ్లు నుదురు పట్టి చూస్తారు, విరేచనాలంటే నవ్విపోతారు అని అమ్మతో అంటున్నాడు. నేను మధ్యలో దూరాను.

“ఛాతిల నొప్పని జెప్పు నాయినా. లోపటిది గద, ఎవ్వలకు కనవడది.”

నాయిన చాలాసేపు నవ్వాడు. మర్నాడు అదే చెప్పాడు. రాసింది దేవదానం మామ. ఆయన స్టేషన్‌లో రైటర్, అంటే వచ్చిన ప్రతి సంగతీ డైరీలోకి ఎక్కించే హెడ్ కానిస్టేబుల్. మా పక్క క్వార్టరే. ఆదివారం చర్చిలో ముందు వరసలో కూచునే మనిషి, అబద్ధం రాయాలంటే చెయ్యి వణుకుతుందనేవాడు. నా కోసమే రాశానని తర్వాత నా చెవి మెలిపెట్టి చెప్పాడు.

ఆ దసరా ఎలా గడిచిందో గుర్తొస్తే నాకిప్పటికీ నవ్వూ ఏడుపూ కలిసే వస్తాయి. సిక్‌లో ఉన్న మనిషి వీధిలో కనిపించకూడదు. నాయిన లుంగీ కట్టుకుని, ఏం చేయాలో తోచక, అమ్మ గారెలు వత్తుతుంటే పక్కన నిలబడి అది మందమైంది, ఇది పలుచనైందని సతాయించాడు. దసరానాడు కనిపిస్తే శుభమనే పాలపిట్టను చూడాలని గోడ చాటున మెట్లెక్కి, డాబా మీద నీళ్ల ట్యాంకు వెనక నక్కి, ద్రాక్షతోటల మీదుగా ఆకాశమంతా వెతికాడు. పిట్ట రాలేదు గాని జీపు వచ్చింది. నాయిన ఒక్క ఉదుటున దిగి మంచమెక్కి, అది దాటిపోయేదాకా దుప్పటి కప్పుకున్నాడు. సాయంత్రం జమ్మి నేనే తెచ్చాను. ఇంట్లో లైటు కింద నాయిన నా అరచేతిలో ఆకు పెట్టాడు. పచ్చగా, గరుకుగా ఉంది. ఆయన కాళ్లకు మొక్కాను. లేచి చూస్తే ఆయన కూచునే ఉన్నాడు, కాలు ఊగడం లేదు. నా బాల్యంలో అంత సంతోషపడ్డ రోజు ఇంకొకటి లేదు.

మూడు వారాలు గడిచాయి. ఎవరో మంత్రిగారు శామీర్‌పేట మీదుగా కరీంనగర్ వైపు వెళ్తున్నారని దారి పొడవునా మనుషుల్ని నిలబెట్టారు. ఆదివారం. తెల్లవారుతుండగా నాయిన బూట్లు వేసుకుంటూ ఆగిపోయి ఎడమ చెయ్యి పిసుక్కున్నాడు. ముఖం నిండా చెమట. రాత్రంతా ఛాతీ మీద ఎవరో కూచున్నట్టు ఉందన్నాడు. అమ్మ గడప దగ్గర అడ్డం నిలబడి, ఈ వాలకంతో పోవద్దని, సిక్ రాయించుకొమ్మని బతిమాలింది.

“మల్ల గదే నొప్పంటే నవ్వరా? మొన్ననే గద రాయించిన,” అన్నాడు నాయిన.

నేను పక్క మీదే కూచుని విన్నాను. మొన్నటిది నేను చెప్పిన మాటేనని, ఇవాళ అదే మాట ఆయనకు అక్కరకు రాకుండా పోయిందని ఆ వయసుకే అర్థమైంది. నాయిన బెల్టు పెట్టుకుని, బిగుతుగా ఉందని విప్పి, మేకు కాల్చి కొత్త బెజ్జం పొడిచాడు. అదే ఆ మూడోది. కాలిన తోలు వాసన ఇంట్లో ఉండగానే వెళ్లిపోయాడు.

ఆ పొద్దంతా అమ్మ ఒక్క పని పూర్తిచేయలేదు. బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టడం మరిచింది, ఊడ్చిన గదే మళ్లీ ఊడ్చింది. మధ్యాహ్నం జీపు మా ఇంటి ముందే ఆగింది. దేవదానం మామ దిగాడు. బందోబస్తు పెద్దదైతే రైటర్లను కూడా రోడ్డెక్కిస్తారు, ఆ ఆదివారం ఆయనకు చర్చి కూడా పోయింది. చేతిలో నాయిన బెల్టు ఉంది. నాయినను సికింద్రాబాద్ దవాఖానలో చేర్పించామని, ప్రాణం ఉందని ముందే చెప్పాడు. తర్వాత అమ్మ ముఖం చూడలేక నేల చూశాడు.

“అలియాబాద్ దగ్గర ఇద్దరం పక్కపక్కనే ఉన్నం వదినె. ఛాతిల నొప్పస్తుందని నాకు జెప్పిండు. నేను నవ్విన. దసరా ఎల్లిపోయింది గదనే, ఇంకేం పండుగుంది అన్న.”

నాయిన కూడా నవ్వి ఊరుకున్నాడట. గంట తర్వాత ఆయన నిలబడ్డవాడు నిలబడ్డట్టే రోడ్డు మీదకు ఒరిగాడు. విప్పిన బెల్టు దేవదానం మామ చేతిలోనే ఉండిపోయింది. ఆ సాయంత్రం స్టేషన్ డైరీలో ఆయనే రాశాడు, ఛాతీలో నొప్పి అని, అదే చేతిరాతతో, అవే మాటలు. ఈసారి చెయ్యి నిజంగానే వణికిందని చాలా ఏళ్ల తర్వాత చెప్పాడు. పోయేదాకా ఆయన ఎవరి నొప్పికీ నవ్వలేదు. ఎవరైనా కడుపు ఉబ్బరమన్నా సరే జీపెక్కించి దవాఖానకు తోలేవాడు.

నాయిన బతికాడు. కూచుని చేసే పని ఇచ్చారు, అది ఆయనకు శిక్షలాగే తోచింది. తర్వాత రెండు స్టెంట్లు పడ్డాయి, రిటైరయ్యాడు, అమ్మ పోయాక నా దగ్గరికి వచ్చాడు. ద్రాక్షతోటల్లో ఇప్పుడు వెంచర్లు లేచాయి, మా ఫ్లాటూ అలాంటి తోటలోనే ఎక్కడో ఉంది. క్వార్టర్లు కూలగొట్టారు. మరునాటి పండగ వాసనలు ఆ గోడలతోపాటే పోయాయి. జమ్మి కొమ్మలు బస్సు డిపో ముందు కట్టలు కట్టి అమ్ముతున్నారు.

నిన్న దసరానాడే బెల్టు తీసుకెళ్లి నాయిన ఒళ్లో పెట్టాను. ఆయన మూడో బెజ్జాన్ని బొటనవేలితో తడిమాడు. ఇన్నేళ్లూ చెప్పని మాట అప్పుడు చెప్పాను, ఆ నొప్పి పేరు నేనే చెప్పాను నాయినా అని.

“యాదున్నది,” అన్నాడు. “నౌకరి మొత్తంల దసరానాడు దసరా జేసుకున్నది గా ఒక్కపారే బిడ్డా. నువ్వు జెప్పకపోతే గదీ లేకపోతుండె.”

ఆ మాటతో నా బరువు దిగిందని చెప్పలేను. సగం దిగింది, సగం కొత్తగా ఎక్కింది. ఇంతలో హాల్లో ఫోన్ మోగింది. నాయిన కాలు ఊగడం ఆగింది. అది మా అమ్మాయి స్నేహితురాలెవరో పండగ శుభాకాంక్షలు చెప్పడానికి చేసిన ఫోన్. నేను తిరిగి చూసేసరికి నాయిన లేచి, చెప్పుల్లో కాళ్లు పెట్టి, తలుపు వైపు చూస్తున్నాడు.

“కూసో నాయినా,” అన్నాను చెయ్యి పట్టుకుని. “ఇయ్యాల పండుగ మనది గూడ.”